ఎలక్ట్రిక్ కారు చేతికొచ్చాక: గోడ సాకెట్ నుంచి ముందు కెమెరా దాకా

ఎలక్ట్రిక్ కారు కొన్నాక ఎదురయ్యే తలనొప్పుల్లో పెద్ద బ్యాటరీ వల్ల వచ్చేవి తక్కువే. సాకెట్ వేడెక్కడం, 12 వోల్టుల చిన్న బ్యాటరీ పడిపోవడం, టైర్లలో గాలి తగ్గడం, కెమెరా ముందు అద్దం మసకబారడం లాంటివే ఎక్కువ. వీటిలో చాలా వాటిని ఇంట్లోనే కనిపెట్టొచ్చు, సగం ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అందుకే మొదలు కారు నుంచి కాదు, గోడ నుంచి పెట్టాలి.

సాకెట్, వైరు, ఎర్తింగ్

వాటర్ హీటర్ ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది. కారు అదే సాకెట్‌ నుంచి ఎనిమిది, పది గంటలు ఆపకుండా కరెంటు లాగుతుంది. ఎన్నేళ్లుగానో బాగానే పనిచేస్తున్న సాకెట్ కారు వచ్చిన నెలలోనే నల్లబడటానికి కారణం ఇదే. లోపల స్క్రూ కాస్త వదులైతే చాలు, అక్కడ నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది.

కారుకి విడిగా ఒక లైను వేయించండి. 16 ఆంపియర్ల సాకెట్ అయితే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతటదే ఆగే స్విచ్). గోడకి బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ (వాల్ బాక్స్) అయితే అది 32 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 40 ఆంపియర్ల ఎంసీబీ. మెయిన్ బోర్డు నుంచి పార్కింగ్ దూరమైతే 10 చదరపు మిల్లీమీటర్లకు వెళ్లడం మేలు. లీకేజీ పట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది ఉండాలి. ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు పొరపడతారు. మామూలు ‘ఏసీ’ టైప్ ఆర్‌సీసీబీ కారుకి సరిపోదు. ఛార్జర్ వైపు నుంచి డీసీ లీకేజీ వస్తే దాన్ని అది పట్టలేదు, పైగా ఆ డీసీ వల్ల ఏసీ లీకేజీని కూడా గుర్తించలేని స్థితికి వస్తుంది. వాల్ బాక్స్‌లోనే 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీ గుర్తింపు ఉంటే ‘ఏ’ టైప్ చాలు. లేకపోతే ‘బీ’ టైప్ పెట్టించాలి.

ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి ఛార్జింగ్ మొదలవకపోతే ముందు అనుమానించాల్సింది ఎర్తింగ్‌ని. మల్టీమీటర్‌తో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి: ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య ఎంత ఉందో ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదు. ఎర్త్ సరిగా లేదని తేలితే ప్లగ్గులో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసి ఛార్జర్‌ని మభ్యపెట్టే పని కొందరు చేస్తారు. దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. తలుపు పట్టుకున్నవాళ్ల ప్రాణం మీదకు వస్తుంది.

మొదటిసారి ఛార్జింగ్ పెట్టిన గంటకి ప్లగ్గుని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి ఆనించి ఉంచలేనంత వేడి ఉన్నా, ప్లాస్టిక్ వాసన వచ్చినా, పిన్నుల దగ్గర గోధుమ రంగు మరక కనిపించినా ఆపేసి సాకెట్ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, మల్టీప్లగ్ అసలు వద్దు.

ఇక సమయం లెక్క. 50 కిలోవాట్ అవర్ బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవాలంటే లోపలికి వెళ్లాల్సింది 30 యూనిట్లు. దారిలో పది, పదిహేను శాతం వేడి రూపంలో పోతుంది కాబట్టి మీటర్‌లో 34 దాకా తిరుగుతుంది. 7.2 కిలోవాట్ల దగ్గర ఇది ఐదు గంటల్లోపు పని, 2.3 కిలోవాట్ల దగ్గర దాదాపు పదిహేను గంటలు. భద్రం కదా అని కరెంటుని మరీ 6 ఆంపియర్లకు తగ్గించుకోవడం వల్ల లాభం లేదు. ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ కారులోని కంప్యూటర్లు, పంపులు మేలుకుని ఉండి తమ వాటా తింటూనే ఉంటాయి. సమయం పెరిగేకొద్దీ ఆ వృథా పెరుగుతుంది.

ఎంత శాతం దాకా ఎక్కించాలి

మీ బ్యాటరీ ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమో, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం, ఐరన్, ఫాస్ఫేట్) రకమో యజమాని మాన్యువల్‌లో చూడండి. జవాబు దాన్ని బట్టే మారుతుంది.

ఎన్‌ఎంసీ అయితే రోజువారీకి 80 శాతం దగ్గర ఆపేలా సెట్ చేసుకోండి. దూర ప్రయాణానికి 100 చేయొచ్చు, అయితే నిండిన వెంటనే బయల్దేరేలా సమయం పెట్టుకోండి. నిండుగా ఉండి, పైన ఎండ కూడా తోడైతే సెల్స్ త్వరగా ముసలివవుతాయి. ఎల్‌ఎఫ్‌పీ సంగతి వేరు. దాని వోల్టేజీ మధ్యలో చాలా దూరం దాదాపు మారకుండా ఉంటుంది. 40 శాతానికీ 70 శాతానికీ తేడా వోల్టేజీ చూసి చెప్పడం కష్టం. బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టం లోపలికి వచ్చినదీ బయటికి పోయినదీ కూడికలు తీసివేతలు చేసుకుంటూ శాతం చెబుతుంది, ఆ లెక్కలో రోజూ చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. నిండా ఛార్జ్ చేసినప్పుడే అది తన లెక్క సరిచేసుకోగలదు. అందుకే ఎల్‌ఎఫ్‌పీ కార్లను వారానికోసారి 100 శాతం చేయమని కంపెనీలు చెబుతాయి. నెలల తరబడి చేయకపోతే 15 శాతం చూపిస్తున్న కారు ఉన్నట్టుండి 4కి పడిపోవచ్చు.

నెల రోజులు ఊళ్లో ఉండకపోతే 40–60 శాతం మధ్య వదిలి వెళ్లండి. పది శాతం లోపు మాత్రం రోజుల తరబడి ఉంచకండి.

బయట వేగంగా ఎక్కించే డీసీ ఛార్జర్ దగ్గర

1. పది ఇరవై శాతంతో చేరుకునేలా చూసుకోండి. కారు నావిగేషన్‌లో ఆ స్టేషన్‌నే గమ్యంగా పెట్టండి. ఆ సౌకర్యం ఉన్న కార్లు దారిలోనే బ్యాటరీని తగిన వేడికి తెచ్చుకుంటాయి.

2. గన్ (ఛార్జర్ కేబుల్ చివర కారుకి తగిలించే పిడి) చేతిలోకి తీసుకోగానే పిన్నులు చూడండి. వంగినవి, కాలినవి, లోపల నీళ్లున్నవి వద్దు. ఇంకో గన్‌కి వెళ్లండి.

3. గన్‌ని తిన్నగా తోసి, లాక్ పడిన ‘టక్’ శబ్దం వినిపించేదాకా కేబుల్ బరువుని చేత్తో పైకి ఎత్తి పట్టుకోండి. బరువైన కేబుల్ గన్‌ని కిందికి వంచితే సిగ్నల్ పిన్నులు సరిగా తగలవు. ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ అని ఆగిపోయే సెషన్లలో కొన్ని కేవలం దీనివల్లే.

4. మొదలవకపోతే గన్ తీసి, కారు లాక్ చేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. రెండోసారీ కాకపోతే అక్కడ కాలం వృథా చేసుకోకుండా పక్క ఛార్జర్‌కి వెళ్లండి.

5. రెండు నిమిషాలయ్యాక స్క్రీన్ మీద కిలోవాట్లు చూడండి.

వేగం తక్కువగా ఉంటే కారు చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. పక్క గన్‌కి ఇంకో కారు తగిలి ఉంటే పవర్ పంచుకుంటుంది. బ్యాటరీ చల్లగానో, మరీ వేడిగానో ఉండొచ్చు. ఇంకో కారణం చాలామందికి తట్టదు: ఛార్జర్ మీద రాసిన సంఖ్య దాని గరిష్ఠ వోల్టేజీ దగ్గర లెక్కేసినది. కేబుల్ 200 ఆంపియర్లకు పరిమితమై, మీ బ్యాటరీ 350 వోల్టుల దగ్గర ఉంటే వచ్చేది 70 కిలోవాట్లే, పైన 120 అని రాసి ఉన్నా సరే. 80 శాతం దాటాక వేగం బాగా తగ్గిపోతుంది. తర్వాతి స్టేషన్ అందుబాటులో ఉంటే అక్కడితో తీసి బయల్దేరడమే లాభం.

గన్ ఇరుక్కుపోతే లాగకండి. సెషన్ ఆగిందో లేదో చూసి, గన్‌ని కాస్త లోపలికి నొక్కి పట్టుకుని అన్‌లాక్ బటన్ నొక్కండి. లాక్ పిన్ను మీద ఒత్తిడి ఉన్నంతసేపూ మోటార్ దాన్ని వెనక్కి లాగలేదు. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో డిక్కీ పక్క కవర్ వెనకో, బానెట్ కిందో చేత్తో లాగే ఎమర్జెన్సీ రిలీజ్ తాడు ఉంటుంది. అది ఎక్కడుందో అవసరం రాకముందే మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి. ఛార్జింగ్ నడుస్తుండగా దాన్ని ముట్టుకోకూడదు.

రేంజ్: కిలోమీటర్ల అంకె కాదు, వాట్ అవర్లు చూడండి

స్క్రీన్ మీద మిగిలిన కిలోమీటర్ల అంకె మీరు ఇంతకుముందు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. ఊళ్లో నెమ్మదిగా తిరిగి హైవే ఎక్కితే అది ఎక్కువ చూపించి ఆశ పెడుతుంది. కిలోమీటరుకి ఎన్ని వాట్ అవర్లు అవుతున్నాయో చూసుకోవడం నమ్మకమైన పద్ధతి. వాడుకోదగ్గ బ్యాటరీ 45 కిలోవాట్ అవర్లు అనుకుందాం. 150 వాట్ అవర్లు అవుతుంటే 300 కిలోమీటర్లు, 180 అవుతుంటే 250.

గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 90 నుంచి 120కి వెళ్తే కిలోమీటరుకి గాలితో పోరాడే ఖర్చు 78 శాతం పెరుగుతుంది. చేరేసరికి ఛార్జ్ చాలదేమోనన్న సందేహం వస్తే ముందు తగ్గించాల్సింది వేగాన్నే, ఏసీని కాదు. కారు చల్లబడ్డాక ఏసీ 1.2 కిలోవాట్లు తీసుకుంటోందనుకుంటే 80 కిలోమీటర్ల వేగంలో అది కిలోమీటరుకి 15 వాట్ అవర్లే. అదే ట్రాఫిక్‌లో 20 వేగంతో పాకుతుంటే 60 అవుతుంది. హైవే మీద ఏసీ కట్టేసి చెమటలు కక్కనక్కర్లేదు. చలి ప్రాంతాల్లో హీటర్ మాత్రం బాగా తింటుంది. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే పరికరం) లేని కార్లలో మొదట్లో 3 నుంచి 5 కిలోవాట్లు లాగొచ్చు. ప్లగ్ తగిలించి ఉండగానే కారు లోపల వేడి చేసుకుని బయల్దేరండి.

టైర్ల గాలి నెలకోసారి, కారు కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూడండి. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె పాటించండి. టైర్లు మార్చేటప్పుడు సైజుతో పాటు లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే సంఖ్య) కూడా పాతదానికి తగ్గకూడదు, ఈ కార్లు అదే సైజు పెట్రోల్ కార్లకంటే బరువు. పంక్చర్ షాపులో జాకీ ఎక్కడ పెడుతున్నారో దగ్గరుండి చూడండి. నేల కింద అంతా బ్యాటరీ ఉంటుంది. గుర్తు పెట్టిన నాలుగు చోట్ల తప్ప ఇంకెక్కడ జాకీ ఆనినా బ్యాటరీ పెట్టె నొక్కుకుపోతుంది.

రీజెన్, బ్రేకులు

యాక్సిలరేటర్ వదలగానే మోటారే కారును ఆపుతూ కరెంటు వెనక్కి పంపుతుంది, దీన్నే రీజెన్ అంటారు. బ్యాటరీ 100 శాతం ఉన్నప్పుడు ఆ కరెంటుకి చోటుండదు, అందుకే ఉదయాన్నే కారు రోజూ ఆగినంత గట్టిగా ఆగదు. ఇల్లు కొండ మీద ఉండి దిగుతూ బయల్దేరేవాళ్లు నిండా ఛార్జ్ చేయకపోవడం మంచిది.

అసలు బ్రేకులు పెద్దగా వాడుకలో ఉండవు కాబట్టి డిస్కులకు తుప్పు పడుతుంది. ముఖ్యంగా వెనక చక్రాలకు. వారానికోసారి వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద, న్యూట్రల్‌లో పెట్టి 60 నుంచి 20కి నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ వేయండి. చాలా కార్లలో న్యూట్రల్‌లో రీజెన్ పనిచేయదు కాబట్టి పని మొత్తం ప్యాడ్ల మీద పడి డిస్కు శుభ్రపడుతుంది.

12 వోల్టుల బ్యాటరీ

పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఇది పడిపోతే తలుపు కూడా తెరుచుకోదు. పెద్ద బ్యాటరీని మిగతా కారుతో కలిపే కాంటాక్టర్లనే స్విచ్చులకు కరెంటు ఇచ్చేది ఈ చిన్నదే. పడిపోయే ముందు సూచనలిస్తుంది: స్క్రీన్ ఆలస్యంగా వెలుగుతుంది, ఒకదానికొకటి సంబంధం లేని హెచ్చరికలు నాలుగైదు ఒకేసారి వస్తాయి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.0 అంటే దాదాపు ఖాళీ. నాలుగేళ్లు దాటితే ముందే మార్పించడం నయం. డాష్‌క్యామ్‌ని నేరుగా దీనికే కలపడం, ఫోన్ యాప్‌లో గంటకోసారి కారుని లేపి చూడటం దీన్ని తినేస్తాయి.

పడిపోతే: కీ లోపల దాగున్న లోహపు తాళంతో తలుపు తెరవండి. బూస్టర్ ఎర్ర క్లిప్ ప్లస్‌కి, నల్లది మాన్యువల్ చూపిన బాడీ ఎర్త్‌కి పెట్టండి. కారు ఆన్ చేసి ‘రెడీ’ లైటు వచ్చాక బూస్టర్ తీసి, అలాగే అరగంటైనా ఆన్‌లో ఉంచండి. పెద్ద బ్యాటరీకి చెందిన నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లొద్దు. మీ కారు నుంచి పెట్రోల్ కారుకి జంప్ ఇవ్వడం కూడా వద్దు. దాని స్టార్టర్ ఒక్కసారిగా లాగే వందల ఆంపియర్లకు ఈ చిన్న బ్యాటరీ, దాని వెనకున్న డీసీ కన్వర్టర్ తయారైనవి కావు.

డ్రైవర్ అసిస్టెన్స్: కారు ఏం చూస్తోంది

మామూలుగా కొనే కార్లలో వచ్చేది వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ వర్గీకరణలో రెండో స్థాయి వరకే. స్టీరింగ్, వేగం రెండూ కారు చూసుకున్నా కాపలా మీదే. ఈ మాట అమ్మేటప్పుడు ఎంత మెల్లిగా చెప్పినా, నడిపేటప్పుడు గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే.

ముందద్దం వెనక కెమెరా గీతలు, వాహనాలు, మనుషులను చూస్తుంది. లోగో వెనకో, బంపర్ కిందో ఉన్న 77 గిగాహెర్ట్జ్ రాడార్ దూరం, వేగం కొలుస్తుంది. వెనక బంపర్ మూలల్లో బ్లైండ్ స్పాట్ రాడార్లు ఉంటాయి. వారానికోసారి కెమెరా ఎదుట అద్దాన్ని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. వైపర్ సరిగ్గా ఆ చోటే చార వదులుతుంటే వైపర్ బ్లేడు మార్చండి. రాత్రిళ్లు ఎదుటి లైట్లు పడి ఆ చార మెరిస్తే కెమెరాకి గీత కనబడదు. అద్దం లోపలివైపు కవర్ కింద మసక పట్టితే దాన్ని వర్క్‌షాపులోనే తీయించండి. రాడార్ ముందు స్టిక్కర్, అలంకారపు గ్రిల్, బుల్ బార్ పెట్టకండి. బంపర్‌కి సొట్ట పడితే ఆ చోట మందంగా పుట్టీ పూసి పెయింట్ వేయనివ్వకండి. రాడార్ తరంగం దాన్ని సరిగా దాటలేదు.

చిన్న గుద్దుకే ఎందుకింత పట్టింపు అనిపించొచ్చు. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తప్పు వస్తుంది. లేన్ వెడల్పు 3.5 మీటర్లు అనుకుంటే అది సగం లేన్. ఎదురుగా ఉన్న కారుని వదిలేసి పక్క లేన్ లారీకి బ్రేక్ వేసే కారు చాలాసార్లు ఇలా తిరిగిన రాడార్ ఉన్నదే. ముందద్దం మార్చినా, బంపర్ విప్పినా, సస్పెన్షన్ పని చేయించినా, కంపెనీ పద్ధతిలో అవసరమైతే వీల్ అలైన్‌మెంట్ తర్వాత కూడా క్యాలిబ్రేషన్ (కెమెరా, రాడార్ చూపుని మళ్లీ సరిచేయడం) చేయించాలి. ఇది రెండు రకాలు. ఒకటి, చదునైన నేల మీద కొలిచిన దూరంలో గుర్తుల బోర్డులు పెట్టి చేసేది. రెండోది, టూల్ తగిలించి గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడిపి చేసేది. పని అయ్యాక రిపోర్టు కాగితం అడిగి తీసుకోండి.

అడాప్టివ్ క్రూజ్ నేర్చుకోవడం

ముందు వాహనానికి దూరం పాటిస్తూ కారే వేగం చూసుకునే ఈ సౌకర్యాన్ని పగటిపూట, డివైడర్ ఉన్న ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టండి. దూరం సెట్టింగ్ అన్నిటికంటే ఎక్కువది పెట్టండి. 90 వేగంలో కారు సెకనుకి 25 మీటర్లు పోతుంది. ఒక సెకను దూరం అంటే 25 మీటర్లే, ముందువాడు గట్టిగా బ్రేక్ వేస్తే మీరు చూసి పాదం కదిపేలోపే అది కరిగిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆగి ఉన్న వాహనం. రోడ్డు పక్క స్తంభాలు, పైన బోర్డులు, మ్యాన్‌హోల్ మూతలు అన్నీ రాడార్‌కి కదలని లోహంలాగే కనిపిస్తాయి. వాటన్నిటికీ బ్రేక్ వేస్తే కారు నడవదు, అందుకని వేగంగా పోతున్నప్పుడు కదలని వాటిని చాలా వ్యవస్థలు పక్కన పెట్టేస్తాయి. ముందున్న కారు చివరి క్షణంలో లేన్ మారి, దాని ముందు చెడిపోయి ఆగిన లారీ బయటపడిందనుకోండి. మీ కారుకి అప్పటిదాకా ఆ లారీ లేనట్టే. ముందు ఖాళీ అనుకుని వేగం పెంచినా పెంచవచ్చు. దూరంలో ఆగిన వాహనాలు కనబడగానే బ్రేక్ మీరే వేయండి. కారు వేస్తుందేమో చూద్దామని ఆగకండి. లేన్ అంచున వెళ్లే ద్విచక్ర వాహనాలు, మలుపులో రాడార్ చూపు నుంచి తప్పుకునే ఎదుటి కారు, ఇవి కూడా ఇదే జాబితా.

దీనికి ఎదురు సమస్య ఊరికే బ్రేక్ పడటం. ఫ్లైఓవర్ నీడ, వంపులో ఆగిన వాహనం, రోడ్డు మీద లోహపు పలక, ఏదైనా కారణం కావచ్చు. యాక్సిలరేటర్ మెల్లగా నొక్కితే బ్రేక్ వదిలేస్తుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ జరిగితే అక్కడ క్రూజ్ వాడకండి. చోటు, సమయం రాసి సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి.

ఎలక్ట్రిక్ కారులో ఒక ప్రత్యేకత ఉంది, కొత్తవాళ్లకి ముందే చెప్పాలి. క్రూజ్‌ని బటన్‌తో ఆపేసినప్పుడు మీ పాదం యాక్సిలరేటర్ మీద లేకపోతే రీజెన్ పూర్తిగా అందుకుంటుంది. కారు గట్టిగా వేగం తగ్గుతుంది, వెనకవాడు ఉలిక్కిపడతాడు. ముందు యాక్సిలరేటర్ మీద పాదం ఆనించి, తర్వాత బటన్ నొక్కి, మెల్లగా వదలండి.

లేన్ అసిస్ట్, అత్యవసర బ్రేక్

కారుని గీతల మధ్య ఉంచే స్టీరింగ్ సాయమే లేన్ అసిస్ట్. చేయి స్టీరింగ్ మీద ఉన్నా అది ‘చేతులు పెట్టండి’ అని హెచ్చరిస్తుంటే మీ స్టీరింగ్ తాకిడిని కాదు, మెలి తిప్పే బలాన్ని కొలిచే రకం. ఒక చేయి బరువు ఒకవైపు కాస్త పడేలా పట్టుకుంటే సరిపోతుంది. దాన్ని మోసం చేసే బరువులు కొని తగిలించడం అంటే మిగిలిన ఒక్క కాపలానీ తీసేయడమే.

సూర్యుడు ఎదురుగా కిందికి దిగినప్పుడు, రాత్రి తడిరోడ్డు మీద, పాత గీతల పక్కన కొత్త గీతలు వేసిన మరమ్మతు చోట్ల లేన్ అసిస్ట్‌ని ఆపేయండి. సైకిల్‌ని తప్పించడానికి గీత దాటుతుంటే కారు వెనక్కి లాగుతుంది. ఇండికేటర్ వేస్తే లాగదు.

ఇంకొకటి ఖాళీ చోట పరీక్షించి తెలుసుకోండి: బ్రేక్ నొక్కితే క్రూజ్‌తో పాటు స్టీరింగ్ సాయం కూడా పోతుందా? కొన్ని కార్లలో పోతుంది, కొన్నిటిలో ఉండిపోతుంది. స్టీరింగ్ తిప్పి తప్పించుకుంటే లేన్ సాయం ఆగినా క్రూజ్ నడుస్తూనే ఉండే కార్లూ ఉన్నాయి. ఏ గుర్తు ఆకుపచ్చగా ఉంటే ఏది నడుస్తోందో మాన్యువల్ చూడకుండానే చెప్పగలిగేదాకా రద్దీ రోడ్డు మీద వాడకండి.

గుద్దుకోబోతుంటే కారే వేసే అత్యవసర బ్రేక్‌ని మాత్రం ఎప్పుడూ ఆపేయకండి. విసిగిస్తే హెచ్చరిక సున్నితత్వాన్ని ఒక మెట్టు తగ్గించండి. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినా, స్టీరింగ్ బలంగా తిప్పినా డ్రైవర్‌కే నిర్ణయం తెలుసని అది తప్పుకుంటుందని తెలుసుకోండి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ బాగుందో లేదో చూసుకుని, రెండు మూడు గంటలు కారుతో పని లేని వేళ మొదలుపెట్టండి. అయ్యాక ఛార్జింగ్ పరిమితి, ఛార్జింగ్ వేళలు, రీజెన్ స్థాయి, అత్యవసర బ్రేక్ సున్నితత్వం, క్రూజ్ దూరం ఈ ఐదూ తెరిచి చూడండి. వీటిలో ఏదో ఒకటి కంపెనీ సెట్టింగ్‌కి వెళ్లిపోయి ఉండొచ్చు.